అతిసారం ప్రబలితే జవాబుదారీ ఎవరిది? ట్యాంకు నుంచి చివరి కుళాయి దాకా

క్లుప్తంగా: ప్రజారోగ్యం ప్రభుత్వ బాధ్యతేనని రాజ్యాంగం, చట్టాలు, కోర్టు తీర్పులు చెబుతున్నాయి. కానీ తాగునీటి విషయంలో ఆ బాధ్యత పంచాయతీ, మున్సిపాలిటీ, గ్రామీణ నీటి సరఫరా విభాగం (ఆర్‌డబ్ల్యూఎస్), వైద్యారోగ్య శాఖల మధ్య ముక్కలైంది. నీళ్లు ఇచ్చేదీ వాళ్లే, బాగున్నాయని చెప్పేదీ వాళ్లే. చివరి ఇంటి కుళాయిలో మిగిలిన క్లోరిన్ ఎంత అన్నది ఈ బాధ్యతను కొలవగలిగే సులువైన లెక్క. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి.

తొలకరి మొదలైన దగ్గర్నుంచి దసరా వెళ్లేదాకా తెలుగు జిల్లాల పత్రికల్లో ఒకే రకం వార్త తిరిగి తిరిగి వస్తుంది. ఫలానా కాలనీలో వాంతులు, విరేచనాలు. పదుల సంఖ్యలో ఆస్పత్రి పాలు. మెడికల్ క్యాంపు పెట్టారు, ట్యాంకర్లతో నీళ్లు ఇస్తున్నారు. రెండు రోజులకు అధికారుల ప్రకటన వస్తుంది: నీటి నమూనాలు పరీక్షించాం, నీళ్లు బాగానే ఉన్నాయి. మనుషులు మంచాన పడ్డారు, నీళ్లు మాత్రం బాగున్నాయి. చదివేవాళ్లకు ఈ రెండూ పొసగవు.

2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్, 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట పరిసరాలు, 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల. మూడు చోట్లా ప్రాణాలు పోయాయి, మూడు చోట్లా అనుమానం తాగునీటి మీదికే వెళ్లింది. గుర్లలో మృతుల సంఖ్య మీదే పేచీ వచ్చింది. అతిసారంతో పోయినవాళ్లెందరు, వేరే జబ్బులున్నవాళ్లెందరు అన్న దగ్గర అధికారుల లెక్కకూ గ్రామస్తుల లెక్కకూ పొంతన కుదరలేదు. ఇలాంటి పేచీలు ఎందుకు వస్తాయో తెలియాలంటే ముందు బాధ్యత ఎవరి మీద రాసి ఉందో చూడాలి.

చట్టంలో ఎవరి పేరుంది

రాజ్యాంగం 47వ అధికరణం ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడాన్ని రాజ్యం ప్రాథమిక విధుల్లో ఒకటిగా చెబుతుంది. ఇది ఆదేశిక సూత్రం కాబట్టి దీన్ని మాత్రమే పట్టుకుని కోర్టుకు వెళ్లలేం. జీవించే హక్కు చెప్పే 21వ అధికరణంలో ఆరోగ్యాన్ని, మంచినీటిని కలిపి చదువుతూ సుప్రీంకోర్టు ఆ లోటు కొంత పూడ్చింది.

ఏడో షెడ్యూలు ప్రకారం ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం రాష్ట్రాల జాబితాలో ఆరో అంశం. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అంటువ్యాధులు పాకకుండా చూడటం మాత్రం ఉమ్మడి జాబితాలో ఉంది. 1992 నాటి 73, 74వ సవరణలు తాగునీటిని పంచాయతీలకు ఉద్దేశించిన 11వ షెడ్యూలులోనూ, నీటి సరఫరాతో పాటు ప్రజారోగ్యాన్ని మున్సిపాలిటీలకు ఉద్దేశించిన 12వ షెడ్యూలులోనూ చేర్చాయి. అయితే ఏయే అధికారాలు కింద వరకూ ఇవ్వాలన్నది రాష్ట్ర శాసనసభ ఇష్టానికి వదిలాయి. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. పని స్థానిక సంస్థది, ఇంజనీర్లు రాష్ట్ర శాఖ వాళ్లు, పెద్ద పథకాలకు డబ్బులో కొంత కేంద్రానిది.

కోస్తా జిల్లాలకు ఇంతకంటే పాత చట్టం ఒకటుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1939లో వచ్చిన ప్రజారోగ్య చట్టం దేశంలో ఈ తరహా సమగ్ర చట్టాల్లో మొదటిది. ఆంధ్ర ప్రాంతానికి అదే కొనసాగింది. ప్రజారోగ్యం కోసం మున్సిపాలిటీలు తమ సొంత ఆదాయంలో 30 శాతానికి తగ్గకుండా కేటాయించాలని అందులో రాశారు. ఎనభై ఏళ్లు దాటిన ఈ నిబంధన ఎక్కడెక్కడ అమలవుతోందని బడ్జెట్ సమావేశాల్లో అడిగే కౌన్సిలర్లు అరుదు.

డబ్బుల్లేవన్న జవాబు కోర్టు ముందు చెల్లదని చెప్పిన తీర్పు 1980 నాటిది. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో బహిరంగ మురుగు కాలువలు, కర్మాగారం వ్యర్థాలు, దోమల మధ్య బతుకుతున్న ఒక వార్డు ప్రజలు మేజిస్ట్రేటును ఆశ్రయించారు. కాలువలు కట్టాలని ఆయన మున్సిపాలిటీని ఆదేశించారు. నిధులు లేవంటూ మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు ఆ వాదనను తోసిపుచ్చింది. అప్పట్లో ప్రజలు వాడుకున్నది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ ఉంది. ప్రజలకు హాని చేసే పరిస్థితిని తొలగించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. మన ఊళ్లలో మురుగు కాలువలో మునిగిన మంచినీటి పైపుకు ఈ సెక్షన్ వర్తించదనే వాదన నిలబడటం కష్టం.

నీరు చెడేది ఎక్కడ

చాలామంది ట్యాంకును అనుమానిస్తారు. ట్యాంకులో పావురం పడిందనీ, పాచి పట్టిందనీ అనుకుంటారు. అలాంటివి జరుగుతాయి, కానీ పట్టణాల్లో పెద్ద ప్రమాదం ట్యాంకు దాటాక ఉంది. రోజులో గంటో రెండు గంటలో, కొన్నిచోట్ల రోజు విడిచి రోజు నీళ్లు వదిలే పద్ధతే దానికి మూలం.

పైపులో నీరు ఒత్తిడితో పారుతున్నంతసేపు, చిల్లు ఉన్నా నీరు బయటికే చిమ్ముతుంది. బయటి మురికి లోపలికి రాదు. వాల్వు కట్టేశాక కథ మారుతుంది. పైపులో మిగిలిన నీరు పల్లంలోని కుళాయిల గుండా జారిపోతుంది. ఖాళీ అయిన పైపు గాలిని పీల్చినట్టే చుట్టూ ఉన్న తేమనూ పీలుస్తుంది. అతుకు వదులైన చోట, తుప్పు పట్టిన చోట పక్కనున్న మురుగు లోపలికి చేరుతుంది. మర్నాడు పొద్దున వాల్వు తిప్పగానే మొదటి పది నిమిషాలు రంగు మారి, వాసనతో వచ్చే నీళ్లు ఇవే.

చిల్లులు ఎక్కువగా పడేది మెయిన్ పైపుకు కాదు, అందులోంచి ఇంటికి తీసిన సన్నపు కనెక్షన్ పైపుకు. రోడ్డు మధ్య నుంచి ఇంట్లోకి రావాలంటే అది సైడు కాలువను దాటాలి. కాలువ కింద లోతుగా తవ్వి, బయట ఇంకో గొట్టం తొడిగి తీసుకెళ్లడం సరైన పద్ధతి. ఖర్చు, శ్రమ తప్పించుకోవడానికి కాలువలోంచే వేసేస్తారు. మురుగులో నానిన ఇనుప పైపు కొన్నేళ్లకు జల్లెడవుతుంది. వానాకాలంలో కాలువ నిండితే పైపు పూర్తిగా మునుగుతుంది. అతిసారం కేసులు వానలతో పాటు పెరగడానికి కారణాల్లో ఇదొకటి.

పల్లపు వీధుల్లో ఇంకో దృశ్యం కనిపిస్తుంది. ఒత్తిడి చాలక కుళాయికి నీరెక్కదు. ఇంటి ముందు రెండు మూడు అడుగుల గుంత తవ్వి, నేలమట్టానికి కింద పైపు కోసి, అక్కడ బిందె పెట్టి పట్టుకుంటారు. కొందరు పైపు చివరకు రబ్బరు గొట్టం తగిలించి గుంతలోనే వదిలేస్తారు. నీళ్లు ఆగాక గుంతలో నిలిచిన నీరు, వాన కురిస్తే వీధి మురుగు, ఆ గొట్టం గుండానే వెనక్కి పైపులోకి వెళ్తుంది. ఒక గుంత ఆ లైను మీదున్న ఇళ్లన్నిటికీ ముప్పు. దీనికి తోడు కుళాయికి నేరుగా మోటారు బిగించే అలవాటు ఉంది. మోటారు లాగినప్పుడు సరఫరా వేళలోనే పైపులో ఒత్తిడి పడిపోయి, పక్కింటి కనెక్షన్ చిల్లు నుంచి మురుగు లోపలికొస్తుంది. మోటారు పెట్టినవాళ్లను తిట్టి లాభం లేదు. ఒత్తిడి చాలినంత ఉంటే ఎవరూ కరెంటు ఖర్చు పెట్టుకుని మోటారు తిప్పరు.

కర్ణాటకలోని హుబ్బళ్లి–ధార్వాడలో 2008లో కొన్ని వార్డులకు 24 గంటల సరఫరా మొదలుపెట్టారు. అదే ఊళ్లో మిగతా వార్డులకు విడతలవారీ సరఫరా ఉండేది. నీటి వనరు, శుద్ధి కేంద్రం రెండింటికీ ఒకటే. కుళాయిల దగ్గర తీసిన నమూనాలు పోల్చిన అధ్యయనం 2013లో వెలువడింది. విడతలవారీ సరఫరాలో దాదాపు మూడో వంతు నమూనాల్లో మలసంబంధమైన ఈ.కొలి బ్యాక్టీరియా కనిపించింది. 24 గంటల సరఫరాలో ఒక శాతం కూడా లేదు. ఒడిశాలోని పూరి 2021 జూలై నుంచి కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చని ప్రకటించి, ఊరంతటికీ నిరంతర సరఫరా చేస్తోంది. మన పట్టణాల్లో 24 గంటల సరఫరా అనగానే విలాసంగా చూస్తారు. నిజానికి అది మురుగు లోపలికి రాకుండా కాపలా కాసే ఏర్పాటు.

180 గ్రాముల లెక్క

క్లోరిన్ పని రెండు దశల్లో ఉంటుంది. నీటిలో ఉన్న సేంద్రియ మలినాలు, సూక్ష్మక్రిములు మొదట కొంత క్లోరిన్‌ను తినేస్తాయి. అవి తినగా మిగిలింది దారిలో కలిసే కలుషితాలను ఎదుర్కోవడానికి పనికొస్తుంది. ఈ మిగులునే పరీక్షలో చూస్తారు. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అది లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. అంటువ్యాధి భయం ఉన్నప్పుడు 0.5 ఉండేలా చూస్తారు. ఈ.కొలి వంద మిల్లీలీటర్ల నీటిలో ఒక్కటీ ఉండకూడదు.

పల్లెల్లో తరచూ కనిపించే 60 వేల లీటర్ల ట్యాంకును తీసుకుందాం. లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ వేయాలంటే 60 గ్రాముల క్లోరిన్ కావాలి. మంచి బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది కాబట్టి సుమారు 180 గ్రాముల పౌడర్ సరిపోతుంది. ఇప్పుడు అదే పౌడర్ బస్తా మూతి తెరిచి పంపుహౌస్ మూల పడి ఉందనుకుందాం. ఎండకు, తేమకు క్లోరిన్ ఎగిరిపోయి 15 శాతానికి దిగిందనుకుందాం. ఆపరేటరు రోజూ వేసినట్టే 180 గ్రాములు వేస్తాడు. నీటికి అందేది లీటరుకు 0.45 మిల్లీగ్రాములు. వానాకాలపు బురద నీరు అంత మొత్తాన్నీ మొదటి దశలోనే మింగేస్తుంది. రిజిస్టరులో బ్లీచింగ్ వేసినట్టు రాసి ఉంటుంది, నిజంగా వేశారు కూడా. కుళాయిలో మాత్రం సున్నా.

వేసే తీరు కూడా ముఖ్యమే. పొడిని నేరుగా ట్యాంకులో చల్లితే ఉండకట్టి అడుగున సున్నంగా పేరుకుంటుంది. ప్లాస్టిక్ బకెట్లో ముందు ముద్దలా కలిపి, నీళ్లు పోసి కాసేపు ఉంచితే సున్నం కిందికి దిగుతుంది. పైన తేరిన నీటిని మాత్రం, ట్యాంకులోకి నీళ్లు ఎక్కుతుండగా పోయాలి. అప్పుడే అంతటా కలుస్తుంది. ఆ తర్వాత కనీసం అరగంట ఆగి సరఫరా మొదలుపెట్టాలి. కరెంటు వచ్చిపోయే ఊళ్లలో ఈ అరగంటే మొదట ఎగిరిపోతుంది, ఎందుకంటే కరెంటు ఉండగానే నీళ్లెక్కించి వెంటనే వదలాలన్న ఒత్తిడి ఆపరేటరు మీద ఉంటుంది. నీటి పీహెచ్ 8 దాటితే క్లోరిన్ బలం తగ్గుతుంది. బురద ఎక్కువగా ఉంటే క్రిములు మట్టి రేణువుల చాటున దాక్కుంటాయి. అలాంటప్పుడు ముందు పటికతో తేర్చాలి, మోతాదు పెంచినంత మాత్రాన చాలదు.

మిగులు క్లోరిన్ చూడటానికి గ్రామాల్లో వాడేది క్లోరోస్కోప్. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తేలుతుంది. పక్కనున్న రంగుల పట్టీతో పోల్చుకోవాలి. మందు వేసిన వెంటనే, కొన్ని సెకన్లలోనే చూడాలి. ఆలస్యం చేస్తే అంత శక్తి లేని రూపంలో ఉన్న క్లోరిన్ కూడా రంగునిచ్చి అంకె ఎక్కువ కనిపిస్తుంది. పరీక్ష ట్యాంకు కింద మాత్రమే చేస్తే ఉపయోగం తక్కువ. ట్యాంకు దగ్గర 0.8, వీధి మొదట్లో 0.6 వచ్చి, వీధి చివర సున్నా వచ్చిందంటే ఆ మధ్యలో ఏదో క్లోరిన్‌ను తింటోంది. అక్కడ తవ్వితే చాలావరకు చిల్లు దొరుకుతుంది. అతి తక్కువ ఖర్చుతో మురుగు చొరబాటును పట్టించే పద్ధతి ఇదే.

‘నీళ్లు బాగానే ఉన్నాయి’ అన్న నివేదిక ఎలా వస్తుంది

మనుషులు మంచాన పడ్డా నీళ్లు బాగున్నాయన్న, మొదట చెప్పిన పొసగని సంగతికి జవాబు ఇక్కడుంది. కేసులు పెరిగిన కబురు అందగానే సిబ్బంది చేసే మొదటి పని ట్యాంకులో మామూలు కంటే ఎక్కువ బ్లీచింగ్ వేయడం. ప్రాణాలు కాపాడటానికి అది సరైన పనే. నమూనాలు తీయడం ఆ తర్వాత జరుగుతుంది. అప్పటికి లైన్లలోని పాత నీరు పోయి, క్లోరిన్ నిండిన కొత్త నీరు వచ్చింది. ల్యాబ్‌లో క్రిములు పెరగవు. నివేదిక అబద్ధం కాదు, కానీ అది జనం తాగిన నీటి గురించి చెప్పడం లేదు.

వరుస మార్చాలి. బ్లీచింగ్ వేసేముందు బాధితుల వీధి కుళాయిల నుంచి, వాళ్ల ఇళ్ల బిందెల నుంచి నమూనా పట్టాలి. అయిదు నిమిషాల పని. సీసా క్రిమిరహితంగా ఉండాలి, అందులో కొద్దిగా సోడియం థయోసల్ఫేట్ వేసి ఉండాలి. లేకపోతే నీటిలోని క్లోరిన్ దారి పొడవునా క్రిములను చంపుతూనే ఉంటుంది, ల్యాబ్ చేరేసరికి ఏమీ మిగలదు. ఐస్‌బాక్సులో పెట్టి వీలైనంత త్వరగా, 24 గంటల్లోపు చేర్చాలి. రోగి మల నమూనాకు పద్ధతి వేరు. యాంటీబయోటిక్ మొదటి డోసుకు ముందే తీయాలి. కారీ–బ్లెయిర్ అనే మాధ్యమంలో, ఐస్ లేకుండా మామూలు ఉష్ణోగ్రతలో పంపాలి. నీటి సీసాతో పాటు ఇదీ ఐస్‌లోకి వెళ్లిపోవడం తరచూ జరిగే పొరపాటు. కలరా క్రిమికి చల్లదనం పడదు.

మరో లోపం కేసుల లెక్కలో ఉంది. అంటువ్యాధుల నిఘా కోసం 2004లో దేశవ్యాప్త కార్యక్రమం మొదలైంది. ఏఎన్ఎం లక్షణాలను బట్టి ఒక ఫారం, డాక్టరు రోగ నిర్ధారణను బట్టి ఇంకో ఫారం, ల్యాబ్ మూడో ఫారం నింపుతాయి. ఇప్పుడవి ఆన్‌లైన్ అయ్యాయి. కానీ పల్లెలో విరేచనాలు పట్టుకుంటే మనిషి ముందు వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికి. అక్కడ ఒక సెలైన్, ఒక ఇంజెక్షన్. ఆ కేసు ఏ ఫారంలోనూ పడదు. పది పదిహేను మంది అలా గడిచాక, ఎవరికైనా ప్రాణం మీదికొచ్చి జిల్లా ఆస్పత్రికి చేరినప్పుడు వ్యవస్థకు తెలుస్తుంది. విలువైన తొలి రెండు రోజులు ఆ లోపే పోతాయి. ఆర్‌ఎంపీల హోదా మీద ఎన్ని అభిప్రాయాలున్నా, వాళ్ల నుంచి రోజూ ఒక ఫోన్ కాల్ తీసుకునే ఏర్పాటు ఆశా కార్యకర్తకు ఉంటే నిఘాకు మేలే జరుగుతుంది. మెడికల్ షాపులో ఓఆర్ఎస్ ప్యాకెట్ల అమ్మకం ఒక్కసారిగా పెరగడం కూడా అలాంటి సంకేతమే.

పరీక్షించిన దానికే జవాబు దొరుకుతుందన్న సంగతి 2020 డిసెంబరులో ఏలూరు చూపించింది. ఆరు వందల మందికి పైగా మూర్ఛతో, కళ్లు తిరిగి పడిపోయారు. అతిసారం కాదు, కాబట్టి ఈ.కొలి పరీక్షతో తేలేది కాదు. ఎయిమ్స్ పరీక్షించిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఎక్కువగా కనిపించాయి. అనుమానం పురుగుమందుల వైపు కూడా వెళ్లింది. రోజువారీ పరీక్షల జాబితాలో భార లోహాలు, పురుగుమందులు లేకపోతే, వాటి గురించి మౌనంగా ఉన్న నివేదికను శుద్ధమైన నీటికి సర్టిఫికెట్‌గా చదువుకునే ప్రమాదం ఉంది.

ఇచ్చేవాడే పరీక్షిస్తే: వాకర్టన్

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో వాకర్టన్ ఐదు వేల మంది ఉండే చిన్న ఊరు. 2000 మేలో భారీ వానలు పడ్డాయి. పొలంలో వేసిన పశువుల ఎరువు నుంచి ప్రమాదకరమైన ఈ.కొలి రకం ఒక బావిలోకి చేరింది. ఏడుగురు చనిపోయారు, 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. విచారణలో బయటపడిన విషయం రిజిస్టరుకు సంబంధించింది. ఆపరేటర్లు మిగులు క్లోరిన్ కొలవకుండానే ఏళ్ల తరబడి రోజూ 0.5, 0.75 అంటూ రాసుకుంటూ పోయారు. నిజంగా కొలిచిన అంకెలు వాన, ఎండ, బురదను బట్టి రోజుకో రకంగా ఊగుతాయి. నెలంతా ఒకే అంకె ఉన్న రిజిస్టరు తనకు తానే అనుమానం. ఇది మన పంపుహౌసుల్లో వేలాడే రిజిస్టర్లను చదవడానికీ పనికొస్తుంది.

ఒంటారియో 2002లో తాగునీటి భద్రత చట్టం తెచ్చి ఆపరేటర్ల శిక్షణను, ల్యాబుల గుర్తింపును తప్పనిసరి చేసింది. ఇంగ్లండ్, వేల్స్‌లో నీటి కంపెనీలను తనిఖీ చేయడానికి విడిగా ఒక ఇన్‌స్పెక్టరేట్ 1990 నుంచి ఉంది. అమెరికాలో 1974 చట్టం కింద, వెంటనే జబ్బు చేసే కాలుష్యం బయటపడితే 24 గంటల్లోగా జనానికి చెప్పి తీరాలి.

మన దగ్గర పరిస్థితి విచిత్రంగా ఉంది. సీసాలో అమ్మే నీళ్లు 2006 నాటి ఆహార భద్రత చట్టం కిందకు వస్తాయి. లైసెన్సు కావాలి, ప్రమాణం తప్పితే కేసు పెట్టొచ్చు. కుళాయి నీటికి ఐఎస్ 10500 ఉన్నా, దాన్ని తప్పిన మున్సిపాలిటీకి శిక్ష వేసే చట్టం లేదు. ఆచరణలో అది పాటించాల్సిన లక్ష్యంగానే మిగిలింది. నమ్మకం పోయిన జనం ఇరవై లీటర్ల క్యాన్లకు మారారు. ఆర్‌ఓ యంత్రం ఉప్పులతో పాటు క్లోరిన్‌నూ తీసేస్తుంది. అందుకే కడగని క్యాను, చెయ్యి ముంచిన గ్లాసు ఆ నీటిని సులువుగా పాడుచేస్తాయి, కాపాడటానికి మిగులు ఉండదు. గొంతెత్తి అడగగలిగిన కుటుంబాలు క్యాన్లకు మారిపోతే కుళాయి మీదే ఆధారపడిన పేద వీధుల ఫిర్యాదుకు బలం తగ్గుతుంది. క్యాన్ల వల్ల జరిగిన పెద్ద నష్టం బహుశా ఇదే.

డబ్బు ఎటు వెళ్తుంది

జాతీయ ఆరోగ్య విధానం 2017, ప్రభుత్వ ఆరోగ్య వ్యయం 2025 నాటికి జీడీపీలో 2.5 శాతానికి చేరాలని చెప్పింది. 2021–22 జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం అది 1.84 శాతం. మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం జేబులోంచి పెట్టింది 39.4 శాతం. ఉన్న డబ్బులోనూ కంటికి కనిపించే పనులకే మొగ్గు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లాంటి పథకంలో లబ్ధి పొందిన మనిషి కనిపిస్తాడు. మురుగు కాలువలోంచి పైపు పక్కకు జరిపినందువల్ల జబ్బు పడకుండా మిగిలిన మనిషి ఎవరికీ, తనకు కూడా, కనిపించడు.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున ఇంటింటికీ కుళాయి లక్ష్యంగా పెట్టుకుంది. తెలంగాణలో అంతకుముందే మిషన్ భగీరథ ఆ పని చేపట్టింది. నదీ జలాలు ఫ్లోరైడ్ పీడిత నల్గొండ గ్రామాల దాకా చేరడం చిన్న విషయం కాదు. కానీ భగీరథ ఏర్పాటులో ఊరి ట్యాంకు దాకా నీళ్లు తేవడం ఒకరి పని, ఊళ్లో నల్లాలకు పంచడం పంచాయతీ పని. శుద్ధి చేసిన నీరు ట్యాంకు దాకా భద్రంగా వచ్చి, ఆ తర్వాత పాత పైపుల్లోకి, ఇద్దరు ముగ్గురు పంచాయతీ సిబ్బంది చేతుల్లోకి వెళ్తుంది. 15వ ఆర్థిక సంఘం 2021–26కి గ్రామీణ స్థానిక సంస్థల గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేసింది. ఆ డబ్బుతో కొత్త ట్యాంకు కడితే శిలాఫలకం పడుతుంది. పాత కనెక్షన్లు తవ్వి మారిస్తే పడదు.

అడగాల్సినవి

వార్డు సభలోనో గ్రామసభలోనో ‘మంచి నీళ్లు ఇవ్వండి’ అని అడిగితే ‘అలాగే’ అన్న జవాబు వస్తుంది. ఖచ్చితంగా అడిగితే ఖచ్చితమైన జవాబు ఇవ్వక తప్పదు. గత మూడు నెలల మిగులు క్లోరిన్ రిజిస్టరు నకలు, అందులో చివరి కుళాయి దగ్గర తీసిన అంకెలు వేరుగా. బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడు కొన్నారు, అందులో క్లోరిన్ శాతం చివరిగా ఎప్పుడు పరీక్షించారు. కాలువలోంచి వెళ్లే కనెక్షన్లు వీధివారీగా ఎన్ని, ఈ ఏడాది వాటిలో ఎన్ని మారుస్తారు. సమాచార హక్కు చట్టం కింద మామూలు దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబివ్వాలి, ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లోనే. జల్ జీవన్ మిషన్ కింద గ్రామానికి అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్ల వాడకంలో శిక్షణ ఇవ్వాలన్న నియమం ఉంది. ఆ కిట్ ఊళ్లో ఎవరి దగ్గరుందో, అందులోని రసాయనాల గడువు తీరిందో లేదో అడగడం కూడా అవసరమే. కిట్‌లోని హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలో గీత దాకా నీళ్లు పోసి గదిలో ఉంచితే, మల కాలుష్యం ఉన్న నీరు ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. ల్యాబ్ పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు గానీ, ల్యాబ్‌కు పంపమని గట్టిగా అడగడానికి ఆ నల్లటి సీసా చాలు.

క్యాంపు ఎత్తేశాక

అతిసారం కొత్త కేసులు ఆగగానే మెడికల్ క్యాంపు ఎత్తేస్తారు, వార్త పాతబడుతుంది. కలుషిత నీటిలో ఉన్నది ఒక్క క్రిమే కాకపోవచ్చు. కలరా కొన్ని గంటల నుంచి అయిదు రోజుల్లో బయటపడుతుంది. టైఫాయిడ్‌కు ఒకటి నుంచి మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. నీటి ద్వారా వచ్చే పచ్చకామెర్లకు రెండు వారాల నుంచి రెండు నెలలు. అదే రోజు అదే కుళాయి నీళ్లు తాగిన గర్భిణికి ‘హెపటైటిస్–ఈ’ అనే కామెర్ల వైరస్ సోకితే ఆ సంగతి బయటపడేసరికి వీధిలో ట్యాంకర్లు ఉండవు, ఐస్‌బాక్సు పట్టుకొచ్చిన బృందం ఉండదు. గర్భిణుల్లో, ముఖ్యంగా చివరి నెలల్లో, ఆ కామెర్లు ప్రాణాంతకం కావచ్చు. అందుకని బాధిత వీధుల్లోని గర్భిణుల జాబితా రాసుకుని, క్యాంపు ఎత్తేసిన రోజు నుంచి రెండు నెలల పాటు ఏఎన్ఎం వారానికొకసారి ఆ ఇళ్లకు వెళ్లి కళ్లు పచ్చబడ్డాయా, ఆకలి మందగించిందా, మూత్రం ముదురు రంగులో వస్తోందా అని చూడాలి. అదే తిరుగుడులో వీధి చివరి కుళాయి దగ్గర క్లోరిన్ కొలిచి, వచ్చిన అంకెను వచ్చినట్టే రాయాలి.